కరెంటు బండ్ల అంగడి – ఇల్లాలి లెక్క



ఓర్వకల్లు ప్రాంతమునుండి ఒక సోదరి వ్రాసిన జాబు ఈ మాసము మాకు అందినది. ఆమె భర్త కరెంటు ద్విచక్రవాహనముల మోటార్లను, షాక్ అబ్జార్బర్లను బాగుచేయును. సామానుల కొనుగోలు, లెక్కలు ఆమె చూచుకొనును. మూడేండ్లక్రిందట ఇంటి వసారాలో మొదలయిన పని యిప్పుడు చోటు చాలనంతగా పెరిగినది. బండ్లు వారములకొలది వేచియుండుచున్నవి. “పొదుపు సంఘములో నా పేర అప్పుదీసి కర్నూలులో రెండవ అంగడి పెట్టుదమని వారనుచున్నారు. నాకు భయముగా నున్నది. ఏమి చేయుదును?” అని యామె యడిగినది. ఇట్టి ప్రశ్న మఱికొన్ని యిండ్లలోను పుట్టుచుండును గావున నిక్కడనే బదులు వ్రాయుచున్నాము.

ముందుగా పనిని తెలిసికొందము. చాల కరెంటు బండ్లలో మోటారు వెనుకచక్రపు నడుమనే యుండును. అనగా దాని బరువంతయు స్ప్రింగులకు క్రిందనే పడును. గుంతలదారిలో ఆ బరువు ఎగిరెగిరి పడినపుడు మోటారు బేరింగులును, షాక్ అబ్జార్బర్లును ఒక్కసారే దెబ్బతినును. కావున ఈ రెండు మరమ్మతులు ఒకే అంగడిలో జరుగుట సహజము. రాతినేల, దుమ్ము, వేసవియెండ గల కర్నూలు సీమలో ఈ పనికి కొఱత యుండదు.

మోటారు తిరుగకున్నంతనే దానిని విప్పుట అవివేకము. బ్యాటరీ వోల్టేజి, తీగల అతుకులు, బ్రేకుకడ నుండు స్విచ్చి, యాక్సిలరేటరు – వీనిని వరుసగా చూచినపిదపనే మోటారును చూడవలెను. చక్రము బిగిసిపోయినచో మోటారుయొక్క మూడు లావుతీగలను కంట్రోలరునుండి ఊడదీసి, ఒకదానికొకటి తగులకుండ నుంచి, త్రిప్పిచూడవలెను. అప్పుడు తేలికగా తిరిగినచో దోషము కంట్రోలరుది. అప్పటికిని బిగిసియున్నచో లోపలి చుట్టదో, బేరింగుదో. బండి కుదుపుచు కదలినచో హాల్ సెన్సర్లను పరీక్షింపవలెను. ముందు ఫోర్కులో నూనె కారుచున్నచో సీలు మార్చి, రెండు కాళ్లలోను సమానముగా నూనె పోయవలెను. ఈ వరుసను కాగితముపై వ్రాసి గోడకు తగిలించినచో క్రొత్తగా చేరిన పనివాడును సగము బండ్ల దోషమును తానే కనిపెట్టగలడు. జాబు వ్రాసిన సోదరి యింట బండ్లు నిలిచిపోవుటకు స్థలము చాలకపోవుట కారణమో, తెలిసినచేయి ఒక్కటే యుండుట కారణమో ముందు తేల్చుకొనవలెను. చేయి ఒక్కటే యయినచో రెండవ అంగడి తెఱచుటవలన రెండుచోట్లను బండ్లు నిలిచిపోవును.

ఇక లెక్క. మాటవరుసకు నెలకు 60,000 రూపాయలు వచ్చుచున్న వనుకొందము. అందు సామానులకు 28,000, అద్దెకు, కరెంటుకు 6,000, పనివానికి 10,000, పనిముట్ల యరుగుదలకు 2,000 పోగా మిగులునది 14,000. ఇది లాభము కాదు. ఆలుమగల యిద్దఱి కూలి. ఇందులో నెలకు 9,000 వాయిదా కట్టవలసివచ్చినచో ఇంటికి 5,000 మాత్రమే మిగులును. ఆ నెల 10,000 అరువు పడినచో ఇంటికి ఏమియు మిగులకపోగా 5,000 లోటు పడును. కావున అంగడి పెట్టెను, ఇంటి పెట్టెను వేఱుచేసి, ఇద్దఱికి నియమితమైన జీతము వ్రాసికొనవలెను. బండి చేర్చుకొన్నపుడు దోషమును, అంచనాను వ్రాసి చీటి యీయవలెను. సామానువెల ముందే పుచ్చుకొనవలెను. బంధువులకును ఇదియే నియమము కావలెను.

ఓర్వకల్లు పేరు పొదుపు సంఘములవలన దేశమెల్ల తెలిసినది. 1995వ సంవత్సర ప్రాంతమున ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమపు తోడ్పాటుతో అక్కడి సంఘములు బలపడి, మండల పొదుపులక్ష్మి ఐక్యసంఘముగా నేర్పడినవి. దినమున కొక రూపాయి కూడబెట్టిన స్త్రీలు కట్టిన కోట యది. సంఘపు అప్పునకు తనఖా భూమి కాదు, తోడి స్త్రీల మాట. ఒక యిల్లాలు వాయిదా తప్పినచో పదిమంది ఆడువారి పరపతి చెడును. వారి బిడ్డల చదువునకో, గేదెకో దొరకవలసిన అప్పు ఆగిపోవును. కావున జాబు వ్రాసిన సోదరి భయము పిఱికితనము కాదు, న్యాయము.

ఇంకొక దారి కలదు. ఉద్యమ్ నమోదును ఉచితముగా చేయించుకొని, ముద్రా పథకము క్రింద అంగడిపేరనే బ్యాంకులో అప్పు అడుగవచ్చును. 2015లో ఆరంభమైన యీ పథకములో 50,000 వఱకు శిశు, అటుపై 5 లక్షలవఱకు కిశోర తరగతులు. దీనికి తనఖా అక్కఱలేదు. అడుగునపుడు పండ్రెండు నెలల జమాఖర్చు పుస్తకము చేతనుండిన మాటకు బలముండును. ఆ పుస్తకము వ్రాయునది ఆమెయే గావున, నమోదు పత్రములో యజమానిగానో, భాగస్వామిగానో ఆమె పేరును ఉండుట ధర్మము. అప్పునకు మాత్రము పేరు, ఆస్తికి పేరులేకుండుట తగదు.

ఇల్లును అంగడియు ఒక్కటియైనచోట మఱొక జాగ్రత్త. ఉబ్బిన, తడిసిన, ఘాటువాసన వచ్చు లిథియం బ్యాటరీలను పడకగదికి దగ్గఱగా నుంచరాదు, రాత్రియంతయు చార్జి చేయరాదు. తగిన శిక్షణ లేనిదే విప్పరాదు. పాడయినవానిని 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నియమముల ప్రకారము అనుమతిగలవారికే యీయవలెను, చెత్తలో వేయరాదు. కంపెనీ హామీ కాలము తీఱని బండిని విప్పక, కంపెనీవారికే పంపుట మేలు.

కావున సోదరీ! ఈ యేడు రెండవ అంగడి వలదు. ఒక పనివానిని బాగుగా తీర్చిదిద్దుడు. ఆఱు నెలలు రెండు పెట్టెలు వేఱుగా నడుపుడు. వాయిదాకు సరిపడు సొమ్మును నెలనెల అంగడిపెట్టెనుండి తీసి బ్యాంకులో వేసిచూడుడు. ఆఱు నెలలును ఇల్లు ఇబ్బంది పడకున్నచో, అప్పుడు అంగడిపేర అప్పుదీసి చోటు పెంచుడు. ఒక్క నెల తప్పినను ఆ సొమ్ము మీదే, మాట పడువారు లేరు. ఈ జాబును మీవారికి చదివి వినిపింపుడు. లెక్క ముందుంచి మాటాడిన ఇల్లాలిమాటను పనియందు శ్రద్ధగల మగడు త్రోసివేయడు.