ఫీజు అమ్మాయిది... సంతకం అమ్మది

పీజీలో సీటొచ్చిందనగానే ఇంట్లో స్వీట్లు పంచుతాం. మర్నాటి నుంచి లెక్కలు మొదలు. మా రెజిమెంటల్ బజార్ లాంటి చోట్ల చిన్న ఉద్యోగాలు, చిన్న దుకాణాలతో నెట్టుకొచ్చే ఇళ్లలో ఎంబీఏ, ఎంసీఏ ఫీజంటే ముందు చూపు పడేది ఇల్లాలి చేతి గాజుల మీదే. బంగారం కొట్లుండే పాట్ మార్కెట్ మాకెంతో దూరం కాదు మరి!

"ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉందిగా" అంటారు. ఉంది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆ పథకం వల్ల ఎందరో పేదింటి ఆడపిల్లలు కాలేజీ గడప తొక్కారు, కాదనలేం. కానీ సర్కారు డబ్బు సమయానికి రాకపోతే? బకాయిలు చెల్లించమంటూ 2025 నవంబరు 3 నుంచి తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు బంద్ చేశాయి. యాజమాన్యాలకు ఆ వీలుంది. తల్లులకేదీ? "ఫీజు మీరు కట్టి సర్టిఫికెట్లు తీసుకెళ్లండి, గవర్నమెంటు ఇచ్చాక చూద్దాం" అంటే, ఉద్యోగం ఆర్డరు చేతపట్టుకుని నిలబడ్డ పిల్ల ముఖం చూడలేక అప్పు తెచ్చేది ఆమే. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. చెప్పడం వరకే అయింది. సర్కారు కాగితాల్లో బకాయి అని రాసుకునేదానికి ఇక్కడ నెలనెలా వడ్డీ కడుతున్నాం.

ఇక బ్యాంకు లోను. బయటి వడ్డీల కంటే ఎంతో నయం. 4 లక్షల దాకా తాకట్టు కూడా అక్కర్లేదు. అయితే పిల్లతో పాటు తల్లో తండ్రో సంతకం పెట్టాలి. "ఇక్కడో సంతకం పెట్టు" అనగానే చెయ్యి తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చి పెట్టేస్తాం. సాక్షి సంతకమే కదా అనుకుంటాం. కాదండీ, ఆ అప్పు మనది కూడా. "చదువయ్యాక ఏడాది దాకా కట్టక్కర్లేదు" అన్న మాటా సగమే నిజం. కిస్తీ కట్టక్కర్లేదు, వడ్డీ మాత్రం పడుతూనే ఉంటుంది. రెండేళ్ల కోర్సుకి ఏటా 2 లక్షల చొప్పున, నూటికి ఏడాదికి 10 రూపాయల వడ్డీకి తీసుకున్నారనుకోండి. మొదటి 2 లక్షల మీద మూడేళ్లకు 60 వేలు, రెండో 2 లక్షల మీద రెండేళ్లకు 40 వేలు. కిస్తీలు మొదలయ్యే నాటికి 4 లక్షలు కాస్తా 5 లక్షలు! పాల లెక్కలో అర్ధలీటరు తేడా వస్తే పట్టేసే మనం బ్యాంకులో ఎందుకు నోరు విప్పం? ఏడాదికి 4.5 లక్షల లోపు ఆదాయమున్న ఇళ్లకి, వృత్తివిద్యా కోర్సులకి ఈ మధ్యకాలపు వడ్డీని కేంద్రమే భరిస్తుంది. డిగ్రీకో పీజీకో, ఒక్కసారే. కాలేజీ గుర్తింపు షరతులున్నాయి కాబట్టి సంతకానికి ముందే అడగాలి.

ఇంకో సంగతి. కొడుకు లోనుని పెట్టుబడి అంటాం. కూతురి లోనైతే "కట్నం ఇచ్చినట్టే" అని నిట్టూరుస్తాం. సంబంధం చూసేటప్పుడు ఆ లోను ఊసే ఎత్తం. పెళ్లయ్యాక పిల్ల జీతం అత్తింటి లెక్కలో కలిసిపోతుంది, కిస్తీ పుట్టింట్లో తల్లి కడుతుంటుంది. ఇదెక్కడి న్యాయం? పెళ్లిచూపుల్లో జీతమెంత అని నిస్సంకోచంగా అడుగుతారు కదా, అందులోంచి నెలకింత తన చదువు అప్పుకి పోతుందని అప్పుడే చెప్పేయాలి. పిల్లే చెబితే మరీ మంచిది.