గురువు వద్దన్నవాడు

మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని జగద్గురువుగా నిలబెట్టడానికి ఏకంగా ఓ సంస్థనే కట్టారు. 1929 ఆగస్టులో హాలండ్‌లోని ఓమెన్‌లో, అనుచరుల ఎదుటే ఆయన దాన్ని రద్దు చేసేశారు. విరాళంగా వచ్చిన ఆస్తుల్ని తిప్పి ఇచ్చేశారు. అలాంటాయన్నే గురువుని చేసుకున్నవాళ్లూ ఉన్నారు, అది వేరే సంగతి. ఎవరి దారి వాళ్లే వెతుక్కోవాలన్న ఆయన మాట నాకు ఆలస్యంగా ఎక్కింది. పొద్దున్నే ఫోన్‌లో పది సూక్తులు. అవి చదువుతుంటే పొయ్యి మీద పాలు పొంగిపోతాయి. మొన్న అలా పొంగి మాడిన మీగడ గోకుతూ పావుగంట ఏమీ ఆలోచించకుండా ఉండిపోయాను. డబ్బు కట్టి వెళ్లిన ధ్యాన శిబిరంలో మూడు రోజులున్నా దొరకని నెమ్మది అది. ఈ నెల అలాంటి శిబిరానికి రుసుం కట్టబోతున్నారా? ముందు ఇంట్లో ఓ గంట ఊరికే కూర్చుని చూడండి.