జెండా ఊపేదెవరు, రోడ్డు ఊడ్చేదెవరు?

ఇప్పుడు రన్నుల కాలం నడుస్తోంది. 2023 జూన్ 12న రాష్ట్ర దశాబ్ది ఉత్సవాల్లో ప్రతి నియోజకవర్గంలో ‘తెలంగాణ రన్’ పెట్టారు. ఐక్యతకొకటి, ఆరోగ్యానికొకటి 2కె రన్‌లు వస్తూనే ఉన్నాయి. ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద మన పిల్లలు ఉరికితే మనకూ సంతోషమే.

కానీ ఈ తొవ్వ మనకు ఊరికే రాలేదు. 1924లో వైకోంలో గుడి చుట్టున్న బాట మీద నడవడానికే సత్యాగ్రహం చేయాల్సొచ్చింది. మన తాతలు దొర ఇంటి ముందు చెప్పులు చేతబట్టుకొని నడిచారు. ఈ తాలూకాలోనే 1980లలో వ్యవసాయ కూలీ సంఘం కింద జీతగాళ్లు వెట్టి తెంచుకున్నారు, భూమి కోసం కొట్లాడారు. ఆ నడకే మన మొదటి పరుగు.

ఇక ఒక్కమాట అడుగుదాం. జెండా ఊపేది నాయకుడు. పరుగు అయిపోయినంక నీళ్ల ప్యాకెట్లు ఏరి రోడ్డు ఊడ్చేది ఎవరు? మన వాడల అక్కలు, అన్నలే కదా! వాళ్ల చేత జెండా ఊపిస్తే తప్పేంది?

మన పిల్లల్లో సత్తువ లేక కాదు. వరంగల్ జిల్లా కల్లెడ కూలీల బిడ్డ జీవాంజి దీప్తి, ఎగతాళి చేసిన ఊరి నుంచే పోయి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కంచు పతకం తెచ్చింది.

సంఘాల కార్యకర్తలారా! ఈసారి రన్ పెట్టేవాళ్లను అడగండి: బాట మాల మాదిగ వాడల్లోంచి పోవాలె. ఆడపిల్లలకు సమాన బహుమానం ఇవ్వాలె. హాస్టల్ పిల్లలకు ఏడాది పొడుగునా ఆటస్థలం, కోచ్, కడుపునిండా తిండి కావాలె. ఒక్క పొద్దు టీషర్టుతో సరిపెడితే ఒప్పుకోవద్దు.

జై భీమ్!