తోటకూర మానొద్దు, మాత్ర ఆపొద్దు

ఒంటిని కాయాల్సిన రక్షణ వ్యవస్థే రక్తాన్ని గడ్డకట్టించే జబ్బు యాంటీ ఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్. 1983లో లండన్‌లో డాక్టర్ గ్రాహమ్ హ్యూస్ దీన్ని వివరించారు. చిన్న వయసులో పక్షవాతం, పదేపదే గర్భస్రావాలు దీనివల్ల రావచ్చు. గర్భం నిలవలేదని కోడల్ని ఆడిపోసుకునే ఇళ్లలో ఇది చదవాలి.

యానాంలో ఆషాఢం వస్తే మునగాకు వండని ఇల్లు అరుదు. ఈ జబ్బులో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్‌ఫరిన్ మాత్ర వాడేవాళ్లకి అక్కడే చిక్కు: ఆకుకూరల్లోని విటమిన్ కె మందు పట్టు తగ్గిస్తుంది. అలాగని మానెయ్యక్కర్లేదు. ఓ వారం రోజూ తిని, తర్వాత ఊసే ఎత్తకపోవడం కాదు, ఏడాది పొడవునా ఇంచుమించు ఒకే మోతాదులో తినాలి. రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష చూసి డాక్టరు మాత్ర సరిచేస్తారు. కూరలో పసుపు, వెల్లుల్లి సరే. వాటి గుళికలు మాత్రం డాక్టర్ని అడగకుండా వద్దు, రక్తస్రావం ముప్పుంది. పసరుమందు నమ్మి వార్‌ఫరిన్ ఆపితే గడ్డ ఊపిరితిత్తులకి చేరొచ్చు.