ఆపి ఉండేవాడా, లేదా?

మా తమ్ముడి కొడుకు అమెరికాలో ఎమ్మెస్ చదివే రోజుల్లో, ఓ జనవరి రాత్రి నన్ను వాళ్ళ యూనివర్సిటీ ఐస్ హాకీ మ్యాచ్‌కి లాక్కెళ్ళాడు. ఆట చివర్లో మావాళ్ళు గోల్ కొట్టారు. (మావాళ్ళేమిటి, గంట క్రితం దాకా ఆ జట్టు పేరే నాకు తెలీదు.) గోలు వెనక ఎర్రదీపం వెలిగింది, బ్యాండు మోగింది, ముందు వరస కుర్రాళ్ళు అద్దాలు పగిలేలా చరిచారు. ఇంతలో అవతలి కోచ్ తనకున్న టైమౌట్‌ను పణంగా పెట్టి ఛాలెంజ్ చేశాడు. రిఫరీలు చిన్న తెర ముందు వంగి చాలాసేపు చూశారు. లేచి వచ్చి చేతులు అడ్డంగా ఊపారు. గోల్ రద్దు. గోలీకి, అంటే గోల్ కాపలాదారుకి, అడ్డొచ్చారట.

అడ్డొచ్చారా? పక్క సీటు పెద్దాయన నడక వచ్చిన నాటి నుంచీ ఈ ఆటే చూస్తున్నాట్ట, ఆయనా చెప్పలేకపోయాడు. మావాడు ఆ తునకని ఫోన్లో తిప్పి తిప్పి చూపించాడు. చూసిన ప్రతిసారీ నా తీర్పు మారింది.

నియమం వినడానికి సులువే. ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తున్న గోలు ముందు నీలం రంగు వేసిన కాస్త జాగా ఉంటుంది. దాన్నీ క్రీజ్ అనే అంటారు. అందులో గోలీని స్వేచ్ఛగా కదలనివ్వాలి. బయట నిలబడి అతని కళ్ళకి పక్ (ఈ ఆటలో బంతి బదులు వాడే బిళ్ళ) కనిపించకుండా చెయ్యొచ్చు, అది ఆటలో భాగం. లోపలికొచ్చి తగిలితే గోల్ పోతుంది. అయితే తగిలినవాణ్ణి గోలీ జట్టువాడే వెనకనుంచి తోసి ఉంటే? తప్పించుకోవడానికి అతను ప్రయత్నించి ఉంటే? తగిలాక కూడా గోలీకి సర్దుకునే వ్యవధి మిగిలి ఉంటే? ఈ ‘ఉంటే’లన్నీ దాటాక రిఫరీ ముందు ఒక్క ప్రశ్న మిగులుతుంది: ఇతను అడ్డు లేకపోతే గోలీ ఆ పక్‌ని ఆపగలిగేవాడా?

జరగనిదాన్ని కెమెరా తియ్యలేదు. నా గొడవంతా ఇక్కడే.

మన క్రికెట్లో ఎల్‌బీడబ్ల్యూ కూడా జరగని సంగతే కదా అంటారు. నిజమే. కాలు అడ్డం లేకపోతే బంతి వికెట్లకి తగిలేదా అనే అక్కడా అడుగుతాం. కానీ బంతికి సొంత బుద్ధి లేదు, వచ్చిన దారినే పోతుంది, లెక్క కట్టొచ్చు. గోలీ మనిషి. ఎడమకి దూకేవాడో, మోకాళ్ళ మీద కూలబడేవాడో, అసలు పక్‌ని చూశాడో లేదో ఏ కంప్యూటరూ గీత గీసి చూపించలేదు. పైగా క్రికెట్ తన అనుమానాన్ని దాచుకోలేదు. దానికి ‘అంపైర్స్ కాల్’ అని పేరు పెట్టి మరీ తెరమీద చూపిస్తుంది. మనం తిట్టుకుంటాం, అయినా ఎందుకు తిడుతున్నామో తెలిసే తిట్టుకుంటాం.

క్రీజ్‌లో కాలు పెడితే గోల్ లేదని ఒక్క గీతతో తేల్చెయ్యొచ్చుగా అనేవాళ్ళున్నారు. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ ఆ ముచ్చటా తీర్చుకుంది. 1999 స్టాన్లీ కప్ ఫైనల్స్ ఆరో మ్యాచ్, మూడో ఓవర్‌టైమ్. డాలస్ ఆటగాడు బ్రెట్ హల్ కొట్టిన గోల్‌తో కప్పు డాలస్‌ది అయిపోయింది. రీప్లేలో చూస్తే అతని కాలు క్రీజ్‌లో ఉంది. పక్ అప్పటికే అతని అదుపులో ఉంది కాబట్టి చెల్లుతుందన్నారు. ఓడిన బఫెలో ఊరు ఈనాటికీ ‘నో గోల్’ అనే అంటుంది. ఆ నియమాన్ని లీగ్ ఆ వేసవిలోనే తీసేసింది. 2018లో తుది మాటని మంచు మీది రిఫరీల నుంచి టొరంటోలోని రీప్లే గదికి మార్చింది. గది మారింది కానీ ప్రశ్న మారలేదు.

కాలేజీ ఆటలో ఈ కత్తి ఇంకా పదును. ఎన్‌హెచ్‌ఎల్ ప్లేఆఫ్స్‌లో ఏడు మ్యాచ్‌ల సిరీస్ ఉంటుంది, ఇవాళ పోయింది ఎల్లుండి రాబట్టుకోవచ్చు. కాలేజీల ఎన్‌సీఏఏ టోర్నీలో పదహారు జట్లు, ఓడితే ఇంటికే. ఆఖరి ఏడాది కుర్రాళ్ళకి కాలేజీ హాకీ ఆ సాయంత్రంతో ముగిసినట్టే. 2010లో మిషిగన్ జట్టు ఓవర్‌టైమ్‌లో మయామీ మీద గోల్ కొట్టి గెలిచామనుకుంది. పక్ కనిపించక రిఫరీ ఆట ఆపేశాడని ఆ గోల్‌ని లెక్కలోకి తీసుకోలేదు. రెండో ఓవర్‌టైమ్‌లో మయామీ గెలిచింది. అది ఈల తగాదా, గోలీ తగాదా కాదనుకోండి. అయినా ఒక్క మనిషి చూపు మీద ఒక సీజన్ వేలాడటం రెండింట్లోనూ ఒకటే.

ఇక నెమ్మదిగా తిప్పే రీప్లే. దాన్ని మనం సత్యమనుకుంటాం. 2016లో అమెరికా పరిశోధకులు కొందరు నేరాల వీడియోలూ, అమెరికన్ ఫుట్‌బాల్ ఢీకొట్టుళ్ళూ జనానికి చూపించి పరీక్షించారు. అదే దృశ్యాన్ని నెమ్మదిగా చూసినవాళ్ళకి అందులో ‘కావాలని చేశాడు’ అన్న అభిప్రాయం పెరిగింది. రెప్పపాటులో అయిపోయినది మూడు సెకన్లు సాగితే, తప్పుకోవడానికి బోలెడంత సమయం ఉన్నట్టు కనిపిస్తుంది మరి. తప్పుకునే ప్రయత్నం చేశాడా అన్నదే తేల్చాల్సిన చోట ఆ సాధనం ఒకవైపుకి మొగ్గి ఉంటుంది. అందుకే రిఫరీలకి నా మొదటి మాట: ఎక్కడ తగిలిందో చూడటానికి నెమ్మది రీప్లే వాడండి, ఎందుకు తగిలాడో చూడటానికి మామూలు వేగంలోనే చూడండి.

రెండోది, తీర్పుకి కారణం చెప్పండి. ఎన్‌హెచ్‌ఎల్ ప్రతి ఛాలెంజ్‌కీ కారణం రాసి పెడుతుంది. రెండు వాక్యాలే, ఒక్కోసారి అవీ నమ్మబుద్ధి కావు, కానీ పోట్లాడటానికి ఒక మాటంటూ దొరుకుతుంది. వేరే ఉద్యోగాలు చేసుకుంటూ వారాంతాల్లో వచ్చి ఈలలు ఊదే కాలేజీ రిఫరీల్ని నేను దొంగలనను. ‘డిఫెండర్ తొయ్యలేదు, ఎడమ కాలు కదలనివ్వలేదు’ అని మైకులో ఒక్క ముక్క అంటే ఆ రాత్రి మూడువేలమంది కాస్త తక్కువ కోపంతో ఇంటికెళ్ళేవాళ్ళు.

పార్కింగ్‌లో కారు అద్దం మీద మంచు గీకుతూ మావాడు అడిగాడు: “పెదనాన్నా, నువ్వైతే ఏమిచ్చేవాడివి?”

మొదటిసారి చూసినప్పుడు అడిగితే గోలే ఇచ్చేవాణ్ణిరా అన్నాను. వాడు ఫోన్ మళ్ళీ బయటికి తీశాడు.