కాలువకు ఏ గట్టున దిగాలి?

కాయ కోత అయిపోయింది. బేరం డబ్బులు చేతికొచ్చాయి. పిల్లల బడి తెరవడానికి ఇంకా పదిరోజులుంది. మామిడి రైతుల ఇళ్లలో ఊరు కదిలే ఆలోచన మొదలయ్యేది ఇప్పుడే. చింతలపూడి నుంచి ఫోన్ చేసిన ఓ పాఠకురాలి ఇంట్లోనూ అదే జరిగింది. కాకపోతే వాళ్ల ప్రయాణం తిరుపతికో అరకుకో కాదు... పుదుచ్చేరికి!

కారణం వాళ్ల అత్తగారు. ఆమె పుట్టిల్లు యానాం. ఆమె పుట్టేనాటికి అక్కడ ఎగిరేది ఫ్రెంచి జెండా. 1954 జూన్ 13న ఆ పాలన పోయింది కానీ, యానాం మాత్రం ఇప్పటికీ ఎనిమిది వందల కిలోమీటర్ల అవతలి పుదుచ్చేరి కిందే ఉంది. 'మమ్మల్ని ఏలిన ఊరు ఎలా ఉంటుందో ఒక్కసారి చూపించండర్రా' అని పెద్దావిడ ఏళ్ల తరబడి అంటున్నారట. ఇప్పుడామెకు డెబ్భై ఎనిమిది. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. 'మళ్లీ తీసుకెళ్లగలమో లేదో తెలీదండీ. తొమ్మిది మందిమి, మూడు రోజులు. అబ్బాయి ఫోన్‌లో స్విమ్మింగ్ పూల్ ఉన్న రిసార్టు చూపిస్తున్నాడు. మావారేమో బస్టాండు పక్క లాడ్జి చాలదా అంటున్నారు. ఎక్కడ దిగమంటారు?' అదీ ఆమె ప్రశ్న.

తిరుపతి వెళ్లేవాళ్లయితే ఎక్కడ దిగినా ఒకటే. చూసేది స్వామినే కదా! పుదుచ్చేరి అలా కాదు. నిజం చెప్పాలంటే తాజ్‌మహల్ లాగా, గోల్కొండ లాగా 'అదిగో' అని వేలు పెట్టి చూపించే కట్టడం అక్కడ లేదు. చూడాల్సింది వీధుల్నే. అవి అందంగా ఉండేదేమో తెల్లవారుజామున ఎనిమిదింటి దాకా, మళ్లీ సాయంత్రం అయిదు తర్వాత. మధ్యలో ఎండ మాడ్చేస్తుంది. ఊరికి పది కిలోమీటర్ల అవతల రిసార్టులో దిగినవాళ్లు టిఫిన్లు కానిచ్చి పదకొండింటికి కారులో వస్తారు. చెమటలు కక్కుతూ పసుపు గోడల ముందు ఫొటోలు దిగుతారు. 'ఏముందిక్కడ?' అనుకుంటూ వెళ్లిపోతారు. ఊరు తప్పేం లేదు. వాళ్లు వచ్చిన వేళ తప్పు!

కాబట్టి దిగితే పాత ఊళ్లోనే దిగాలి. అయితే పాత ఊరు ఒకటి కాదు, రెండు.

ఫ్రెంచివాళ్లు ఇక్కడ కాలు పెట్టింది 1674లో. 1761లో ఇంగ్లిషువాళ్లు పట్టుకుని ఊరిని నేలమట్టం చేశారు. 1765లో తిరిగి ఫ్రెంచివాళ్ల చేతికొచ్చాక పాత వీధుల గీతల మీదే మళ్లీ కట్టుకున్నారు. అందుకే వీధులన్నీ స్కేలు పెట్టి గీసినట్టు నిట్టనిలువుగా, అడ్డంగా ఉంటాయి. మధ్యలో ఒక కాలువ. దానికి తూర్పున సముద్రం వైపు తెల్లవాళ్లుండేవారు. పడమర వైపు మనవాళ్లు. మొదటిదానికి తెల్లపట్నమనీ రెండోదానికి నల్లపట్నమనీ పేర్లు పెట్టి మరీ విడదీశారు. ఆ కాలువ ఇప్పుడు మురుగుకాలువ. కాలువ గట్టు గదులు పేరుకు బాగుంటాయి కానీ కిటికీ తెరవలేం. ముందే అడిగి తెలుసుకోండి.

తూర్పు గట్టు సంగతి చూద్దాం. ఇక్కడి పాత ఫ్రెంచి ఇళ్లలో కొన్ని హోటళ్లయ్యాయి. ఎత్తయిన ప్రహరీ, పెద్ద గేటు, లోపల స్తంభాల వరండా, కాగితపు పూలు, రెండు మనుషుల ఎత్తు తలుపులు. లోపలికి వెళితే సినిమా సెట్టులో ఉన్నట్టే ఉంటుంది. అద్దె కూడా ఆ స్థాయిలోనే! డబ్బు సంగతి అలా ఉంచితే నాకు నచ్చనిది ఆ ప్రహరీ గోడ. అవి వీధిని లోపలికి రానివ్వకుండా కట్టుకున్న ఇళ్లు. లోపల కూర్చున్నవాళ్లకు కనిపించేది లోపలే. కొత్తగా పెళ్లయిన జంటకు అది వరం. ఊరు చూడాలని వచ్చిన పెద్దావిడకు మాత్రం ఖరీదైన బందిఖానా.

బీచ్ రోడ్డు మీద ఉన్నవాటిలో మధ్యతరగతి కుటుంబాలకు అందేవి అరవిందాశ్రమం వాళ్ల గెస్ట్‌హౌస్‌లు. దక్షిణం కొసన ఉన్న పార్క్ గెస్ట్‌హౌస్‌కు తోట ఉంది, గదిలోంచి సముద్రం కనిపిస్తుంది. శుభ్రం, నిశ్శబ్దం. సిగరెట్, మందు నిషేధం. రాత్రి పదిన్నరకు గేటు మూసేస్తారు. మన ఇళ్లలో ఈ పద్ధతులు ఎవరికీ కొత్త కాదు, మగపిల్లలకు తప్ప! చిక్కల్లా గదులు దొరకడమే. ఫిబ్రవరి 21, ఏప్రిల్ 24, ఆగస్టు 15, నవంబరు 24... ఆశ్రమంలో దర్శనం రోజులు. ఆ ముందూ వెనకా గదుల మీద ఆశ పెట్టుకోవద్దు. ఇంకో విషయం. బీచ్ రోడ్డులోకి సాయంత్రం ఆరు నుంచి పొద్దుటి దాకా బండ్లు రానివ్వరు. నడిచేవాళ్లకు అంతకంటే సుఖం లేదు. మోకాళ్ల నొప్పులవాళ్లు మాత్రం అడ్డవీధిలో ఆటో దిగి నాలుగడుగులు వేయక తప్పదు.

అన్నట్టు, అక్కడి సముద్రం స్నానాలకు పనికొచ్చేది కాదు. ఒడ్డంతా నల్ల బండరాళ్లు. 2018 ప్రాంతంలో నీళ్లలో మునిగి ఉండే గట్టు ఒకటి కట్టాక కొంత మేర ఇసుక తిరిగొచ్చింది కానీ, అలలు మాత్రం మంచివి కావు. పిల్లలు తడవాలని గోల చేస్తే కడలూరు రోడ్డులో చున్నాంబారు వెళ్లి పడవెక్కండి. మనకుళ వినాయకుడి గుడి దగ్గర తొండంతో దీవించే ఏనుగు గురించి పిల్లలకు చెప్పి ఊరించకండి. లక్ష్మి 2022 నవంబరులో చనిపోయింది.

ఇక పడమటి గట్టు. నా ఓటు దీనికే.

ఇక్కడి పాత తమిళ ఇళ్లు ఎలా ఉంటాయో మనవాళ్లకు వివరించక్కర్లేదు. వీధిలోకి అరుగు, దాని మీద వాలుగా పెంకుల చూరు, కర్ర స్తంభాలు, గుమ్మం దాటగానే ఆకాశం కనిపించే వాకిలి, చుట్టూ గదులు. అచ్చంగా మన మండువా లోగిలి! వాళ్లు అరుగును తిణ్ణై అంటారు, మండువాను ముట్రం అంటారు. కొన్ని ఇళ్లకు కింద అంతా తమిళ పద్ధతి, మేడ మీద మాత్రం ఫ్రెంచి కిటికీలు. కింద తాతగారు, పైన కోటు తొడుక్కున్న మనవడు ఉన్నట్టుంటుంది. వైశ్యాళ్ వీధి అని ఒకటుంది. అక్కడి ఇళ్ల ముందుభాగాలను వరసగా బాగుచేసి వీధికి వీధినే నిలబెట్టారు. 2008లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో దానికి గుర్తింపు కూడా దక్కింది. ఆ చుట్టుపక్కలా, పెరుమాళ్ కోయిల్ వీధిలోనూ ఇలాంటి ఇళ్లు కొన్ని బసలుగా మారాయి. పెద్ద హోటళ్లవాళ్లవి ఉన్నాయి, నాలుగైదు గదుల చిన్నవీ ఉన్నాయి.

ఈ గట్టుకు మన తెలుగుతో చుట్టరికం ఉంది. డూప్లే దొర దగ్గర దుబాసీగా చక్రం తిప్పిన ఆనందరంగ పిళ్లై (1709-1761) ఇల్లు ఇటువైపే, పెద్ద మార్కెట్టుకు దగ్గర్లో. పాతికేళ్ల పాటు ఆయన తమిళంలో రాసుకున్న డైరీ లేకపోతే ఆనాటి పుదుచ్చేరి గురించి మనకు తెలిసేది సగమే. కస్తూరి రంగకవి అనే తెలుగు కవి ఛందస్సు మీద పుస్తకం రాసి ఈయనకే అంకితమిచ్చాడు. దాని పేరే 'ఆనందరంగరాట్ఛందము'. ఫ్రెంచి దొర, తమిళ దుబాసీ, తెలుగు కవి... అంతా ఒకే ఊళ్లో!

సరే, అందం ఒక్కటే చూస్తే కాదు. స్పెయిన్‌వాళ్లు మెక్సికోలో కట్టిన ఒహాకా, ప్వెబ్లా లాంటి పాత పట్టణాలకు వెళ్లేవాళ్లకీ ఇదే తలనొప్పి. నడిబొడ్డున దిగితే అన్నీ దగ్గరే, నిద్ర ఒక్కటే దూరం. తమిళ వీధుల్లో తెల్లారకముందే గుడి మైకు, పాలవాడి గంట, మోటారు సైకిళ్లు మొదలవుతాయి. పైగా మండువా ఇంట్లో ఒక గదిలో దగ్గితే నాలుగు గదులకు వినిపిస్తుంది. సముద్రం కూడా గుమ్మంలో ఉండదు. కిలోమీటరు, కాస్త అటూ ఇటూ.

అయినా ఇటే దిగమనడానికి కారణం ఒకటుంది. ఇంటిల్లిపాదీ బయల్దేరినప్పుడు బసను ఎక్కువ తిరిగేవాళ్లను బట్టి ఎంచుతాం. వాళ్లకేం, ఎక్కడ పడేసినా ఊరంతా చుట్టేసి వస్తారు. బస అవసరం అసలు తిరగలేనివాళ్లది. మోకాళ్ల నొప్పులున్న అత్తగారు మూడు రోజుల్లో బయట గడిపేది మహా అయితే ఆరేడు గంటలు. మిగతాదంతా దిగిన చోటే. అప్పుడామె కూర్చున్న చోటికి ఊరు రావాలి. అరుగు మీద కుర్చీ వేసుకుంటే ఎదురింటామె ముగ్గు వేస్తూ కనిపిస్తుంది. పూలావిడ బేరానికొస్తుంది. ఎర్రటోపీ పోలీసు సైకిల్ మీద వెళుతుంటే యానాం పోలీసుల టోపీ గుర్తొస్తుంది. రిసార్టులో పూలు పక్కన కూర్చోబెడితే ఆమెకు కనిపించేది మనవడు మునకలేయడమే. దానికి మన ఊరి చెరువు చాలు.

ఇంకో మాట. 2014 నవంబరు వానలకు బీచ్ రోడ్డులోని పాత మేరీ, అంటే ఫ్రెంచి కాలం నాటి మునిసిపల్ భవనం, ఉన్నపళంగా కూలిపోయింది. పోలికలు చెడకుండా మళ్లీ కట్టి 2021లో తెరిచారు. సర్కారు భవనం కాబట్టి సరిపోయింది. మామూలు కుటుంబాల పాత ఇళ్లకు ఆ దిక్కు ఎక్కడిది? వాటా పంచుకున్న అన్నదమ్ములు సున్నం కొట్టించే ఓపిక లేక అపార్టుమెంటుకు ఇచ్చేస్తారు. మన మండువా లోగిళ్లు విప్పి టేకు స్తంభాలూ దర్వాజాలూ అమ్ముకున్నది ఇలాగే కదా! అక్కడ కొన్ని ఇళ్లు నిలబడ్డాయంటే రాత్రికి ఇంతని ఇచ్చి పడుకునేవాళ్లు ఉండబట్టే. ఆ డబ్బులో మనదీ కొంత ఉంటే నష్టమేం లేదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. బస్టాండు దగ్గర చవక లాడ్జీలు ఒంటరి మగవాళ్లకు సరే. ఆ ఊళ్లో మందు చవకన్న పేరుంది, దానికోసమే వచ్చే గుంపుల మధ్య కుటుంబంతో పడుకోవడం కష్టం. ఆరోవిల్ పది పన్నెండు కిలోమీటర్లు. అక్కడ చెట్ల మధ్య గెస్ట్‌హౌస్‌లు బాగుంటాయి కానీ ప్రతి పనికీ బండి కావాలి. ఒక పూట వెళ్లి రావడం మేలు. జిప్మర్‌కు వైద్యానికి వెళ్లే మనవాళ్లు గోరిమేడు వైపు దిగుతారు. అది ఆస్పత్రి అవసరం, దాని లెక్క వేరు.

చింతలపూడివాళ్లకు నేను చెప్పిందిది. శుక్ర, శని, ఆదివారాలు వద్దు. చెన్నై, బెంగళూరు ఉద్యోగులు ఊరిని ఆక్రమిస్తారు, అద్దెలు పెరుగుతాయి. తోట రైతుకు సోమవారమూ ఆదివారమే కదా, సోమవారం దిగి గురువారం బయల్దేరండి. ఈ ఎండల్లో మధ్యాహ్నాలు గదిలోనే గడవాలి కాబట్టి ఏసీ ఉందో లేదో అడగండి. పోనీ దసరాకంటే అప్పటికి అక్కడ వానలు మొదలవుతాయి. జులై 14న ఫ్రెంచివాళ్ల పండగ ఇప్పటికీ చేస్తారు. పిల్లల బడి పోయినా ఫర్వాలేదనుకుంటే అత్తగారికి అదీ చూపించొచ్చు. చిన్నప్పుడు యానాంలో చూసే ఉంటారు.

ఫోన్‌లో బొమ్మ చూసి డబ్బు కట్టేయకండి. ఫోన్ చేసి నాలుగు మాటలు అడగండి. కింది అంతస్తులో గది ఉందా? పాత ఇళ్లకు లిఫ్టు ఉండదు, మెట్లేమో నిచ్చెనలా ఉంటాయి. బాత్‌రూమ్ గదిలోనేనా, గడప ఎంత ఎత్తు? కమోడ్ పక్కన పట్టుకోవడానికి కడ్డీ ఉందా? అరుగు మీద కూర్చోనిస్తారా, లేక అక్కడ రిసెప్షన్ బల్ల వేశారా? 'హెరిటేజ్' అని బోర్డు పెట్టిన కొత్త సిమెంటు ఇళ్లు కూడా ఉన్నాయి, ఇల్లు ఎన్నేళ్లదో కూడా అడగండి.

చెన్నైలో రైలు దిగాక ఈస్ట్‌కోస్ట్ రోడ్డులో వెళ్లే బస్సెక్కండి. నూటయాభై కిలోమీటర్లు, మూడు మూడున్నర గంటలు. కొన్ని వీధులకు ఫ్రెంచిలో ఒక పేరు, తమిళంలో ఇంకో పేరు. అక్కడ దిగాక ఆటో అబ్బాయికి హోటల్ పేరు చెబితే తెల్లమొహం వేయొచ్చు. పక్కనున్న గుడి పేరు చెప్పండి, నేరుగా అరుగు ముందు దించుతాడు.