పట్టాలు తుడవడం ఎవరి పని?

"నాన్నా, పట్టాలు తుడవడం ఆంటీ పని కదా! నువ్వెందుకు తుడుస్తున్నావు?"

నెల కిందట మా తొమ్మిదేళ్ల అబ్బాయి అడిగిన ప్రశ్న ఇది. వాడు అడిగింది తన బొమ్మ రైలు పట్టాల గురించి. ఆంటీ అంటే మా ఇంట్లో పనికి సాయం చేసే బర్మా మహిళ. వాడి గొంతులో పొగరేమీ లేదు, నిజంగానే సందేహం. అందుకే నాకు మరింత గుచ్చుకుంది. విదేశాల్లో పిల్లల్ని పెంచుతున్న మన కుటుంబాలతో ఆ సంగతి పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మేం ఉండేది యాంగోన్ నగరం నడిబొడ్డున, లత టౌన్‌షిప్‌లో. చైనాటౌన్ అంటే ఎవరైనా దారి చెబుతారు. సాయంత్రమైతే 19వ వీధిలో బొగ్గుల మీద చేపలు కాల్చే వాసన మా ఇంటి దాకా వస్తుంది. ఉత్తరం వైపు కాస్త నడిస్తే సర్క్యులర్ రైలు మార్గం. నగరాన్ని చుట్టి వచ్చే ఆ వలయం పొడవు సుమారు 46 కిలోమీటర్లు. జపాన్‌లో ఏళ్ల తరబడి తిరిగిన డీజిల్ బళ్లను తెచ్చి, అక్కడి 1,067 మిల్లీమీటర్ల గేజ్‌కు చేసిన చక్రాలను ఇక్కడి మీటర్ గేజ్‌కు సరిపోయేలా మార్చి నడిపిన దేశం ఇది. వాటిని చూసి చూసి మా వాడికి రైళ్ల పిచ్చి పట్టింది. టోక్యో నుంచి వస్తున్న స్నేహితుడితో ఓ చిన్న ఎన్ గేజ్ సెట్టు తెప్పించాను. రెండు పట్టాల మధ్య దూరం 9 మిల్లీమీటర్లే. భోజనాల బల్ల మీద ఓ వలయం, ఒక పాయింటు, ఒక స్టేషను, రెండు పెట్టెల బండి. అంతే మా రైల్వే.

నెల రోజులు బ్రహ్మాండంగా నడిచింది. తర్వాత ఆగడం మొదలైంది. వేలితో తోస్తే నాలుగంగుళాలు పోయి మళ్లీ ఆగేది. వాడి స్నేహితులు వచ్చిన రోజున మరీ మొండికేసింది. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వేలితో తోసి, విసిగి, చివరికి ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. మా వాడి ముఖం చూడలేకపోయాను.

దీని విద్య చాలా సులువు. పవర్ ప్యాక్ నుంచి 12 వోల్టుల వరకు డీసీ కరెంటు పట్టాలలోకి వెళుతుంది. ఒక పట్టా నుంచి చక్రం ద్వారా మోటారుకు, మోటారు నుంచి అవతలి చక్రం ద్వారా రెండో పట్టాకు. చక్రం పట్టాను తాకే చోటు సూదిమొన కన్నా పెద్దదేమీ కాదు. అక్కడ పలచని మురికి పొర చాలు, దారి మూసుకుపోతుంది. నిజం రైలింజను బరువు వంద టన్నుల పైమాట, మురికిని నలగ్గొట్టుకుంటూ పోతుంది. అరచేతిలో ఇమిడే బండికి ఆ బలం ఎక్కడిది? వంటింటి పోపు ఆవిరి, వీధి దుమ్ము, గేర్లలోంచి జారిన నూనె, చక్రం కింద కంటికి కనిపించనంత చిన్న నిప్పురవ్వలు మిగిల్చే మసి, అన్నీ కలిసి నల్లటి పూతలా పేరుకుంటాయి. దానికి తోడు యాంగోన్ వానాకాలపు చెమ్మ.

ఇంత తెలిసిన ఇంజనీరు ఏం చేశాడు? మొదట ఆంటీని పిలిచి తడిబట్టతో తుడవమన్నాను. ఆమె చెప్పినట్టే చేసింది, తప్పు నాదే. జిడ్డు నీళ్లకు కదలదు కదా! వీడియో కాల్‌లో మా అత్తగారు, "ఇత్తడిదేనేమో బాబూ, చింతపండుతో తోమి చూడండి" అన్నారు. అదృష్టవశాత్తూ ఆ పని చేయలేదు. ఆ పట్టాలు ఇత్తడివి కావు, నికెల్ సిల్వర్‌వి. మన ఇళ్లలో జర్మన్ సిల్వర్ అని పూజా సామాను కొంటామే, అదే జాతి లోహం. రాగి, నికెల్, జింకు కలిపి చేస్తారు, వెండి బొత్తిగా ఉండదు. పులుపు సందుల్లో మిగిలితే లోహాన్ని తింటుంది. చివరికి శాండ్ పేపర్ పట్టుకుని బరబరా రుద్దేశాను. పట్టాలు తళతళా మెరిశాయి, బండి పరుగెత్తింది. రెండు వారాలకు మునుపటి కన్నా ఘోరంగా ఆగింది. గరుకు కాగితం గీసిన సన్నటి గాట్లలో మసి ఇంకా గట్టిగా కూర్చుందని అప్పుడు తెలిసొచ్చింది.

ఇక లాభం లేదని ఓ ఆదివారం పొద్దున బల్ల ముందు కూర్చుని నేనే పట్టాలు తుడుస్తుంటే, మా వాడు ఆ ప్రశ్న వేశాడు.

వాడికి అలా అనుకోవడం నేర్పిందెవరు? నేనే. రైలు కొనేది నాన్న, నడిపేది తను, తుడిచేది ఆంటీ అని నా చేతలే చెప్పాయి. అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉన్న మీ ఇంట్లో పనిమనిషి ఉండకపోవచ్చు. అక్కడ ఆ స్థానంలో అమ్మానాన్నలే ఉంటారు. "నువ్వు చదువుకో కన్నా, అవన్నీ మేం చూసుకుంటాం" అంటాం. మనిషి మారినా పాఠం అదే: శుభ్రం చేయడం, బాగు చేయడం తెలివైనవాళ్ల పని కాదు.

ఆఫీసులోనూ నేను ఆ బాపతే. కొత్తగా చేరిన కుర్రాళ్లకు "సపోర్ట్ ప్రాజెక్టులో ఇరుక్కోకండి, డెవలప్‌మెంట్ వైపు పోండి" అని సలహా ఇచ్చిన రోజులున్నాయి. పెళ్లి సంబంధాల్లో కూడా "అబ్బాయి సపోర్టా, డెవలప్‌మెంటా?" అని అడిగేవాళ్లం మనమే. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే లేచి నిలబెట్టేవాడు మాత్రం ఆ సపోర్ట్ కుర్రాడే.

మేం ఉండే ఊరి చరిత్ర తెలుసుకున్నాక ఈ చిన్నచూపు నాకు మరింత సిగ్గనిపిస్తోంది. లతకు దక్షిణాన స్ట్రాండ్ రోడ్డు, దాన్ని ఆనుకుని నది. వందేళ్ల కిందట రంగూన్ రేవులో బస్తాలు మోసినవాళ్లలో మన కోస్తా జిల్లాల వాళ్లు వేల మంది. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీదే ఇక్కడ తెలుగువాళ్లను కోరంగీలు అనేవారు. బియ్యం మిల్లుల్లో పనిచేసినవాళ్లు, వీధులు ఊడ్చినవాళ్లు, పాయిఖానాలు శుభ్రం చేసినవాళ్లు కూడా వారిలో ఉన్నారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. 1930 మేలో రేవు కూలీల సమ్మె వెంట చెలరేగిన అల్లర్లలో ఎందరో తెలుగు కూలీలు బలయ్యారు. 1942లో జపాన్ సేనలు వచ్చినప్పుడు లక్షల మంది భారతీయులు ఈ దేశం వదిలారు. కొండలూ అడవులూ దాటి నడిచిపోతూ దారిలోనే ప్రాణాలు విడిచినవాళ్లు వేలల్లో ఉన్నారు. ఒక మహానగరాన్ని రోజూ తుడిచి, మోసి, నడిపించినవాళ్ల వారసులం మనం. ఆ పనిని పిల్లల ముందు చిన్నబుచ్చితే చిన్నబోయేది ఎవరు?

ఆ రోజు వాడి ప్రశ్నకు జవాబు చెప్పలేదు. చేతికి బట్ట ఇచ్చాను. ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి ఇది. ఇక్కడ కరెంటు కోతలు మామూలే కాబట్టి, కరెంటు లేనప్పుడు తుడవడం, ఉన్నప్పుడు నడపడం. ముందు ప్లగ్గు తీసేస్తాం, కిటికీ తెరుస్తాం. పీచు ఊడని బట్టకు, బాగా ఉతికిన పాత పంచె ముక్కకు, కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది పట్టా పైభాగం, లోపలి అంచు తుడుస్తాం. బట్టకు నలుపు అంటడం మానేదాకా మడత మార్చి మార్చి తుడవాలి. అది మండే ద్రవం కనుక సీసా నా దగ్గరే ఉంటుంది, పూర్తిగా ఆరాకే ప్లగ్గు పెడతాం. ఆల్కహాల్ కన్నా టర్పెంటైన్‌కు బదులు వాడే మినరల్ స్పిరిట్ లాంటివి మేలని, వాటితో తుడిస్తే మసి తొందరగా పట్టదని వాదించే అభిమానులూ ఉన్నారు. ఏది వాడినా ముందు ఓ మూల కొద్దిగా రాసి, ప్లాస్టిక్‌కు, రంగుకు హాని లేదని చూసుకోవాలి.

పట్టాలు తుడిచి చక్రాలు వదిలేస్తే, స్నానం చేసి మాసిన బట్టలు కట్టుకున్నట్టే. అందుకే ఆల్కహాల్ అద్దిన టిష్యూ కాగితాన్ని పట్టాల మీద అడ్డంగా పరుస్తాం. బండి ఒక కొస చక్రాలు పట్టాల మీద, రెండో కొస చక్రాలు కాగితం మీద ఉంచి, బండిని చేత్తో పట్టుకుని కొద్దిగా కరెంటు ఇస్తే చక్రాలు తిరుగుతూ వాటి మసిని అవే వదిలించుకుంటాయి. ఈ ఒక్క పనికే కరెంటు కావాలి, ఇది ఇద్దరం కలిసే చేస్తాం. కాగితం మీద రెండు నల్లటి గీతలు పడితే మా వాడికి అదో విజయం.

మొన్న ఇంకో సంగతి జరిగింది. అంతా శుభ్రంగా ఉన్నా బండి మందగిస్తోంది. మళ్లీ తుడవబోతుంటే వాడే ఆపాడు. "నాన్నా, అన్నిచోట్లా ఆగితే చక్రాల తప్పు. ఇది ఎప్పుడూ కిటికీ వైపే ఆగుతోంది. అంటే అక్కడి పట్టా తప్పు." బండి నడుస్తుండగా మల్టీమీటర్ పెట్టి చూశాం. తీగ కలిపిన చోటున్న వోల్టేజీ కిటికీ వైపు లేదు. రెండు పట్టాలను కలిపే జాయినర్ వదులైంది. దాన్ని బిగించి, ఆ కొసకు కూడా పవర్ ప్యాక్ నుంచి ఓ జత తీగలు టంకం వేశాను. ఎక్కడ ఆగుతోందో గమనించి, కారణాన్ని వెతికి, ఒక్కొక్కటీ తేల్చుకోవడాన్ని మా వృత్తిలో డీబగ్గింగ్ అంటాం. దానికి ఫీజు కట్టి కోచింగులో చేర్చేవాళ్లున్నారు. మా వాడికి అది పాత పంచె ముక్కతో వచ్చింది.

ఇది బొమ్మల వ్యవహారమే అనుకోకండి. నిజం రైల్వేల్లోనూ పట్టాల గుండా స్వల్ప విద్యుత్తు పంపి, ఏ ముక్క మీద బండి ఉందో కనిపెట్టే ట్రాక్ సర్క్యూట్ 1872 నుంచీ ఉంది. బండి చక్రాలు రెండు పట్టాలనూ కలిపితేనే సిగ్నల్‌కు బండి ఉన్నట్టు తెలుస్తుంది. తుప్పో, నలిగిన ఆకుల జిగురో అడ్డొస్తే బండి ఉన్నా లేనట్టే కనిపించే ప్రమాదం ఉంది. అందుకే బ్రిటన్‌లో ఆకురాలు కాలంలో పట్టాలు కడగడానికే ప్రత్యేక రైళ్లు తిప్పుతారు. ప్రయాణికుల ప్రాణాలు ఆ కడిగేవాళ్ల చేతుల్లో ఉన్నట్టే.

"పిల్లలకు చదువుకే టైము చాలదు, ఇవన్నీ ఎక్కడ?" అని మీరు అడగవచ్చు. మాకు వారానికి పట్టేది ఇరవై నిమిషాలు. రైలే కావాలని కూడా లేదు. సైకిల్ గొలుసు కావచ్చు, వయొలిన్ కావచ్చు, అక్వేరియం కావచ్చు. పిల్లలు ఆడుకునే వస్తువు ఏదైనా, దాని శుభ్రం కూడా వాళ్ల చేతిలోనే పెట్టండి. పాడైతే వెంటనే ఆన్‌లైన్‌లో కొత్తది ఆర్డరు పెట్టకండి.

దసరాకు మనం ఆయుధ పూజ చేస్తాం. విదేశాల్లో లాప్‌టాప్‌కు బొట్టు పెట్టి ఫొటో వాట్సాప్‌లో పెడతాం. ఊళ్లో మెకానిక్ షెడ్లలో మొదట జరిగేది పూజ కాదు, ప్రతి పనిముట్టునూ దించి, తుడిచి, నూనె రాయడం. బొట్టు ఆ తర్వాతే. ఈ దసరాకు మా ఇంట్లో రైలుకు బొట్టు మా వాడే పెడతాడు. అంతకు ముందు పట్టాలు కూడా వాడే తుడుస్తాడు. మీ ఇంట్లో కూడా ఒక బట్ట ముక్క పిల్లల చేతికి ఇచ్చి చూడండి.